వడ్డించడం అంటే పెంచడమా?

'వడ్డించు' అనే మాటలో 'వృద్ధి' ఉందనీ, మన పూర్వులు ఆ మాటని ఊరికే పెట్టలేదనీ, శాస్త్రోక్తంగా వడ్డించే ఇంట్లో అన్నం తరగదనీ చెప్పేవాళ్ళు చాలామంది ఉన్నారు. పురాణ కాలక్షేపాల్లోనూ, పెళ్ళి భోజనాల దగ్గర పెద్దవాళ్ళ మాటల్లోనూ ఇది వినిపిస్తూ ఉంటుంది. దీన్ని పూర్తిగా కొట్టిపారెయ్యడానికి వీల్లేదు. ఎందుకంటే అందులో మొదటి సగం నిజమే. 'వడ్డించు'కీ 'వృద్ధి'కీ నిజంగానే చుట్టరికం ఉంది. చిక్కంతా రెండో సగంతోనే. ఒక నిజానికి ఒక నమ్మకాన్ని ముడివేస్తే, వినేవాడు నిజంతో పాటు నమ్మకాన్ని కూడా మింగేస్తాడు. అందుకని ముందుగా నిజం ఎంతవరకో తేల్చుకుందాం.

ఒక మాట పుట్టుకని తేల్చాలంటే దాన్ని ఒక్క భాషలోనే చూస్తే సరిపోదు. పక్క భాషలతో పోల్చి చూడాలి. ఆ పనికి రిసాలి లాంటి చోటు చాలా అనువైనది. 1955లో సోవియట్ యూనియన్‌తో ఒప్పందం కుదిరి, 1959 ఫిబ్రవరిలో భిలాయి మొదటి బ్లాస్ట్ ఫర్నెస్ మొదలయ్యాక, శ్రీకాకుళం, విజయనగరం, విశాఖ జిల్లాల నుంచి తెలుగువాళ్ళు వచ్చినట్టే ఒరిస్సా, బెంగాల్, మహారాష్ట్ర, కేరళ, పంజాబుల నుంచి కూడా జనం వచ్చారు. ఇక్కడ పక్కపక్క క్వార్టర్లలో నాలుగైదు భాషల వంటిళ్ళుంటాయి. భాషాశాస్త్రవేత్త ఊరూరా తిరిగి సేకరించాల్సిన సమాచారం ఒక్క వీధిలో దొరుకుతుంది.

అన్నం వడ్డించడానికి ఈ ఇళ్ళలో ఏమంటారో చూడండి. హిందీవాళ్ళు 'పరోస్‌నా' అంటారు. మరాఠీవాళ్ళు 'వాఢణే' అంటారు. బెంగాలీలు 'భాత్ బాడా' అంటారు. ఒడియావాళ్ళు 'భాత బాఢిబా' అంటారు. మలయాళీలు 'విళంబుక' అంటారు. తమిళులైతే 'పరిమాఱు' అంటారు.

ఇందులో మరాఠీ, బెంగాలీ, ఒడియా మాటలు గమనించదగ్గవి. మరాఠీలో 'వాఢణే' అంటే వడ్డించడమే కాదు, పెరగడం కూడా. మొక్క పెరిగినా, ధర పెరిగినా, అన్నం వడ్డించినా అదే క్రియ. బెంగాలీలోనూ అంతే, 'బాడా' అంటే పెరగడం, అన్నం విషయంలో మాత్రం వడ్డించడం. ఒడియాలో అచ్చు కాస్త మారుతుంది. పెరగడం 'బఢిబా', వడ్డించడం 'బాఢిబా'. ఇవన్నీ సంస్కృతంలో 'వర్ధ్' అనే ధాతువు దగ్గర కలుస్తాయి. వర్ధనం, వర్ధిల్లు, వృద్ధి అన్నీ ఆ ధాతువు పిల్లలే. మన 'వడ్డించు' కూడా ఈ కుటుంబంలోదే.

'శబ్దాలు కొంచెం కలిశాయి కదా అని చుట్టరికం కలుపుతున్నారా?' అని ఎవరైనా అడగొచ్చు. అడగాలి కూడా. పోలికని బట్టి వ్యుత్పత్తి చెప్పడం మొహం చూసి జాతకం చెప్పడం లాంటిదే. భాషాశాస్త్రంలో సాక్ష్యం అంటే పోలిక కాదు, క్రమం తప్పని మార్పు. ఒక చోట జరిగిన ధ్వని మార్పు అదే పరిస్థితి ఉన్న ఇంకో చోట కూడా జరిగిందా అని చూడాలి.

సంస్కృతంలోని 'ర్ధ' ప్రాకృతంలో చాలాచోట్ల 'డ్ఢ' అయింది. రేఫ తను పోతూ పోతూ పక్కనున్న దంత్యాన్ని మూర్ధన్యం చేసిపోయింది. 'అర్ధ' అనేది 'అడ్ఢ' అయింది. కుంచంలో సగాన్ని మనవాళ్ళు 'అడ్డెడు' అనేవారు, ఆ 'అడ్డ' ఇదే. ఇక్కడి బజారులో రోజూ వినే 'సాఢే తీన్'లోని 'సాఢే' సంస్కృతంలో 'సార్ధ', అంటే సగంతో కూడినది. 'వర్ధకి' పాళీలో 'వడ్ఢకి' అయింది, మన వడ్రంగి ఆ మాటకి చెందినవాడే. ఇదే లెక్కన 'వర్ధ' అనేది 'వడ్ఢ' అయింది. తెలుగు నోట్లో ఒత్తక్షరం పోయి 'వడ్డ' మిగిలింది. దానికి అరువు మాటల్ని క్రియలుగా మార్చే 'ఇంచు' చేరి 'వడ్డించు' అయింది. 'వృద్ధి'కి ప్రాకృతంలో వచ్చిన 'వడ్ఢి' మనకి 'వడ్డి' అయింది. కాబట్టి వడ్డీ, వడ్డన తోబుట్టువులు. అంతేగాని 'అన్నం పెట్టిన పుణ్యం వడ్డీతో సహా తిరిగొస్తుంది కనక వడ్డించడం అన్నారు' అనేది కల్పన. తోబుట్టువుల్లో ఒకరు రెండోవారికి తల్లి కాలేరు.

అదే సమయంలో, 'వడ్డ'లాగా వినిపించే ప్రతి మాటా ఈ ఇంటిది కాదు. 'వడ్లు' అన్నం గింజలే కదా, 'వడ్డించు' అక్కణ్ణుంచి రాలేదా అంటే రాలేదు. 'వరి'కి బహువచనం 'వడ్లు', అది ద్రావిడ మాట. నడుముకి పెట్టుకునే 'వడ్డాణం' పాత రూపం 'ఒడ్డాణం', దానికీ దీనికీ సంబంధం లేదు. ధ్వని సూత్రం కొన్నిటిని లోపలికి రానిస్తుంది, కొన్నిటిని బయట పెడుతుంది. దేన్నీ బయట పెట్టలేని సూత్రం సూత్రమే కాదు.

మాట ఎక్కణ్ణుంచి వచ్చిందో తెలిశాక, ఎప్పుడు వచ్చిందనేది కూడా కొంతవరకు చెప్పొచ్చు. ప్రాకృతంలోని జంట హల్లులు తర్వాత వచ్చిన మరాఠీ, బెంగాలీ, హిందీ లాంటి భాషల్లో చాలావరకు ఒంటి హల్లులయ్యాయి, ముందున్న అచ్చు సాగింది. 'సప్త' ముందు 'సత్త' అయి, తర్వాత 'సాత్' అయింది. 'హస్త' ముందు 'హత్థ' అయి, తర్వాత 'హాథ్' అయింది. మరాఠీ 'వాఢ' ఈ రెండో మెట్టు మీద ఉంది. మన 'వడ్డ' మొదటి మెట్టు మీదే ఆగింది. మరాఠీ నుంచి అరువు తెచ్చుకుని ఉంటే మనం 'వాడించు' అనేవాళ్ళం. జంట హల్లు చెక్కుచెదరకుండా ఉంది కాబట్టి ఈ మాట ప్రాకృతం మెట్టు మీద ఉన్నప్పుడే మన భాషలోకి వచ్చింది.

అలా రావడంలో వింతేమీ లేదు. అమరావతిలో శాతవాహనులూ, నాగార్జునకొండలో ఇక్ష్వాకులూ వేయించిన శాసనాలు చాలావరకు ప్రాకృతంలోనే ఉన్నాయి. పూర్తి తెలుగు శాసనం కావాలంటే క్రీ.శ. 575 ప్రాంతపు రేనాటి చోళుల కలమళ్ళ శాసనం దాకా ఆగాలి. అంతకు ముందు కొన్ని వందల సంవత్సరాలు ఇంట్లో తెలుగు, శాసనంలోనూ బేరంలోనూ ప్రాకృతం నడిచాయి. ఆ ప్రాకృతంలో 'వడ్ఢి' పూజ గదిలో మాట కాదు, లెక్కల మాట. నహపానుడి అల్లుడు ఉషవదాతుడు క్రీ.శ. 120 ప్రాంతంలో నాసిక్ గుహలో వేయించిన శాసనం చూడండి. రెండు సాలె శ్రేణుల దగ్గర మొత్తం 3000 కార్షాపణాలు మదుపు చేశాడు. 2000 మీద నెలకి నూటికి ఒకటి, 1000 మీద నెలకి నూటికి ముప్పాతిక వడ్డీ. అసలు ఎప్పటికీ తిరిగివ్వక్కర్లేదు. వడ్డీ మాత్రం గుహలో ఉండే భిక్షువుల బట్టలకీ ఇతర అవసరాలకీ వాడాలి. వడ్డీకి అక్కడ వాడిన మాట 'వృద్ధి'కి ప్రాకృత రూపమే. ఇంత లౌకికమైన లావాదేవీల్లో నలిగిన మాట అది.

ఇక 'వేదకాలం నుంచీ' అనే వాదన. యజ్ఞాల్లో, సత్రాల్లో అన్నం వడ్డించడానికి సంస్కృతంలో ఉన్న మాట 'పరివేషణం'. వడ్డించేవాడు 'పరివేష్ట'. హిందీ 'పరోస్‌నా' ఆ మాట నుంచే వచ్చింది. 'వర్ధ్' ధాతువుకి వడ్డించడం అనే అర్థం ప్రాకృతాల్లో బలపడింది. పాళీలో రాసిన జాతక కథల వ్యాఖ్యానంలో అన్నాన్ని పాత్రలోకి వడ్డించడానికి 'వడ్ఢేతి' అనే క్రియ కనిపిస్తుంది. అంటే మన వంటింట్లోకి వచ్చినది యాగశాల మాట కాదు; సాలెవాళ్ళూ, వర్తకులూ, భిక్షువులూ, వాళ్ళకి అన్నం పెట్టిన గృహిణులూ వాడిన మాట. వైదిక పరిభాషకి నేరుగా వారసత్వం చెప్పుకోదగ్గది హిందీవాళ్ళ 'పరోస్‌నా', మన 'వడ్డించు' కాదు. 'వడ్డించు'లో వైదిక రహస్యం ఉందనేవాళ్ళు ఈ సంగతి గమనించాలి.

సరే, 'పెంచు' అనే క్రియకి 'వడ్డించు' అనే అర్థం ఎలా వచ్చింది? దీనికి రెండు సమాధానాలు ఆలోచించవచ్చు.

మొదటిది మంగళ భాషణం. గిన్నెలో అన్నం తరిగిపోతున్నప్పుడు 'పెరుగుతోంది' అని శుభం పలకడం. ఇలాంటివి మన దేశంలో కొల్లలు. మరాఠీలో కొబ్బరికాయ కొట్టడాన్ని 'నారళ్ వాఢవణే', అంటే కొబ్బరికాయని పెంచడం, అంటారు. గాజు చిట్లినా అదే మాట. హిందీలో కొట్టు మూసెయ్యడాన్ని 'దుకాన్ బఢానా' అంటారు, దీపం ఆర్పడాన్ని 'దియా బఢానా' అంటారు. మనమేం తక్కువ తినలేదు. దీపం ఆరిపోతే 'కొండెక్కింది' అంటాం. బియ్యం అయిపోతే 'నిండుకున్నాయి' అంటాం.

రెండోది మామూలు కారణం. విస్తట్లో ఒకదాని తర్వాత ఒకటి చేర్చుకుంటూ పోవడమే వడ్డించడం. ఖాళీ విస్తరి పప్పుతో, కూరతో, పులుసుతో పెరుగుతుంది. ఒకసారి వేసి ఊరుకోం, 'మారు' వడ్డిస్తాం. పైగా 'ముందుకు జరపడం' అనే అర్థం కూడా ఈ ధాతువుకి ఉంది. చెయ్యి ముందుకు చాపడాన్ని హిందీలో 'హాథ్ బఢానా' అంటారు. భోజనాల బల్ల దగ్గర ఉప్పు అందించమనడానికి కూడా 'బఢానా' అనే వాడతారు.

నాకు రెండోదే బలంగా కనిపిస్తుంది. మంగళ భాషణం చెడు మాటని తప్పించడానికి పుడుతుంది. విరగడం, ఆరడం, అయిపోవడం లాంటి మాటలు నోటితో అనడానికి జనం భయపడ్డారు. వడ్డించడంలో భయపడాల్సిందేముంది? అది సంతోషంగా చేసే పని. అసలు మరుగు మాట కావలసినది వడ్డన అయ్యాక, గిన్నె అడుగు కనిపించినప్పుడు. అక్కడ మనకి వేరే మాట ఉండనే ఉంది: 'నిండుకున్నాయి'. ఒక సంగతిని మామూలు కారణంతో వివరించగలిగినప్పుడు మహిమతో పనిలేదు.

మాటకి మహిమ అంటగట్టే అలవాటు మాత్రం చాలా పాతది. పాణిని అష్టాధ్యాయి మొదటి సూత్రం 'వృద్ధి' అనే మాటతోనే మొదలవుతుంది. అక్కడ అది ఆ, ఐ, ఔ అనే అచ్చులకి పెట్టిన సాంకేతిక నామం. పారిభాషిక పదాన్ని నిర్వచనం చివర్న పెట్టడం పాణిని పద్ధతి కాగా, ఇక్కడ ముందు పెట్టాడు. ఎందుకు? మంగళం కోసం పెట్టాడని పతంజలి తన మహాభాష్యంలో సమాధానం చెప్పాడు. శాస్త్రం వ్యాపించాలనీ, చదివేవాళ్ళు వృద్ధి పొందాలనీ ఆచార్యుడి ఉద్దేశమన్నాడు. ప్రపంచంలోకెల్లా పకడ్బందీ వ్యాకరణానికి వ్యాఖ్యానం రాసినవాడు కూడా ఒక మాట ఎక్కడ ఉందన్నదానికి శుభం కారణంగా చూపించాడు. అష్టాధ్యాయి ఇన్నాళ్ళు నిలిచింది మొదటి మాట వల్ల కాదు, అందులోని సూత్రాల వల్ల.

వంటింట్లో ఈ నమ్మకం ఏం చేస్తుందో చూద్దాం. పేదింటి ఇల్లాలు అందరికీ వడ్డించి ఆఖర్న తను కూర్చుంటుంది. అప్పటికి గిన్నెలో మిగిలేది మాడు. 'అయిపోయింది' అనడం అశుభం కనక అనదు. డబ్బాలో బియ్యం లేకపోతే 'నిండుకున్నాయి' అంటుంది. పొద్దున్నించి 'వృద్ధి' మాటనే క్రియగా చేసుకుని వడ్డించిన మనిషి పొట్ట మాత్రం ఖాళీ. అశుభం పలక్కూడదన్న నియమం ఆకలిని తీర్చలేదు, కనపడకుండా చేసింది. ఏది ఎంత ఉందో, ఎంత లేదో ఉన్నదున్నట్టు చెప్పుకోగలిగితేనే ఎవరికి తక్కువైందో తెలుస్తుంది. మంచి మాట కొరతని దాచగలదు గాని పూడ్చలేదు.

ఈ మాటలో నిజంగా పట్టించుకోవలసిన సంగతి వేరే ఉంది. అది దాని పుట్టుకలో కాదు, వాడుకలో ఉంది. తెలుగులో అన్నానికి సంబంధించి మూడు క్రియలున్నాయి: పెట్టు, వేయు, వడ్డించు. 'పెట్టు' ద్రావిడ మాట, అన్నిటికీ సరిపోతుంది. అమ్మ అన్నం పెడుతుంది, పిల్లికి పాలు పెడతాం. బిచ్చగాడికి అన్నం 'వేస్తారు', కుక్కకి 'వేస్తారు'. 'వడ్డించరు'. వడ్డించాలంటే అవతలివాడికి కూర్చోడానికి చోటుండాలి, ముందు విస్తరో కంచమో ఉండాలి, బంతిలో స్థానం ఉండాలి. 'బంతి' కూడా 'పంక్తి' అనే మాట నుంచే వచ్చింది. ఒకప్పుడు ఆసామి పెరట్లో నిలబడ్డ దళిత పాలేరుకి అన్నం దూరం నుంచి 'వేసేవారు', తోడు గంజి 'పోసేవారు'. అదే ఇంటి చావడిలో బంధువులకి 'వడ్డించేవారు'. అన్నం ఒక్కటే, గరిటె ఒక్కటే. మారింది క్రియ. ఎవడు ఏ కులంవాడో క్రియని బట్టి చెప్పెయ్యవచ్చు.

వడ్డించేవాడు మనవాడైతే కడబంతిని కూర్చున్నా ఫరవాలేదని సామెత. పంచిపెట్టే గరిటె ఎవరి చేతిలో ఉందన్నదే అసలు సంగతి అని మనవాళ్ళకి బాగా తెలుసు. 'వృద్ధి'ని నమ్ముకుని ఎవరూ కడబంతిని నిశ్చింతగా కూర్చోరు. తెలిసినవాడు వడ్డిస్తున్నాడని కూర్చుంటారు. అయితే ఈ సామెతలో చెప్పకుండా వదిలేసిన విషయం ఒకటుంది. కడబంతిలో కూడా చోటు దొరకనివాళ్ళ సంగతేమిటి?

ఆ ప్రశ్న వేసినవాళ్ళు హేతువాదులు. 1917 మే నెలలో కేరళలోని చెరాయిలో సహోదరన్ అయ్యప్పన్ ఈళవలనీ పులయలనీ ఒకే బంతిలో కూర్చోబెట్టి 'మిశ్రభోజనం' జరిపాడు. దానికి బహుమానంగా స్వకులంవాళ్ళు ఆయనకి 'పులయన్ అయ్యప్పన్' అని పేరు పెట్టారు. ఆయన ఆ పేరుని గౌరవంగానే స్వీకరించాడు. తెలుగునాట గోరా 1940లో కృష్ణా జిల్లా ముదునూరులో నాస్తిక కేంద్రం స్థాపించి, సహపంక్తి భోజనాలని ఉద్యమంలో భాగం చేశాడు. 1947లో ఆ కేంద్రం విజయవాడకి మారింది. దేవుడి గురించిన వాదోపవాదాలు ఎన్ని జరిగినా, ఊళ్ళో పెద్దలకి ఎక్కువ కోపం తెప్పించేది మాత్రం ఈ విస్తళ్ళే. వాదనని వినకుండా పోవచ్చు. పక్కన కూర్చుని తినే మనిషిని చూడకుండా పోలేరు.

కూర్చునేవాళ్ళ సంగతి ఇలా ఉంటే, వండి వడ్డించేవాళ్ళ సంగతి ఇంకా కష్టం. దళితుడికి వడ్డించడానికి ఒప్పుకున్నవాళ్ళు కూడా దళిత స్త్రీ వడ్డిస్తే తినడానికి వెనకాడతారు. బడుల్లో మధ్యాహ్న భోజనం గురించి 2001 నవంబరులో వండిన భోజనమే పెట్టాలని ఆదేశించిన సుప్రీంకోర్టు, 2004 ఏప్రిల్‌లో ఇంకో అడుగు వేసింది. వంటవాళ్ళనీ సహాయకులనీ నియమించేటప్పుడు దళితులకీ, షెడ్యూల్డు కులాలవారికీ, తెగలవారికీ ప్రాధాన్యం ఇవ్వాలని చెప్పింది. కోర్టు వాళ్ళకి నిరుక్తంతో పనిలేకపోవచ్చు, కాని గరిటె ఎవరి చేతిలో ఉండాలన్న ప్రశ్న ఎంత ముఖ్యమో వాళ్ళకి అర్థమైంది. బడిలో పిల్లలు ఆ అన్నం ముట్టకుండా లేచిపోయారనే వార్తలు ఆ తర్వాత కూడా వచ్చాయి. వాళ్ళకి ఆ పాఠం బడి నేర్పలేదు, ఇల్లు నేర్పింది.

'వడ్డించు'కి పెంచడం అనే పాత అర్థం ఒక చోట మాత్రం ఇప్పటికీ బతికే ఉంది. కరెంటు చార్జీలు పెంచినప్పుడల్లా పత్రికలు 'చార్జీల వడ్డన' అని రాస్తాయి. వాళ్ళు వెటకారంగా రాసినా, నిరుక్తం ప్రకారం అది అక్షరాలా సరైన వాడుక. ఈ ఒక్క వడ్డనలో మాత్రం వృద్ధి తప్పకుండా కనిపిస్తుంది, దానికి శాస్త్రోక్త విధి ఏదీ అక్కర్లేదు.

అన్నం విషయంలో అలా కాదు. వెయ్యిసార్లు 'వృద్ధి' అన్నా గిన్నెలో ఒక్క మెతుకు పెరగదు. బంతి మాత్రం పెంచగలం. దానికి మంత్రం అక్కర్లేదు. నిన్నటిదాకా 'వేసిన' చోట ఇవాళ కూర్చోబెట్టి 'వడ్డిస్తే' చాలు. మాట పుట్టుక తెలుసుకోవడం సరదా కోసమే గాని, దాన్ని వాడే తీరు మార్చుకోవడం మాత్రం మన చేతిలో పని.